అయ్యగారి కారుకి దారి చెప్పే డబ్బా

కారుకి దారి చెప్పే యంత్రం కొందామని రెవరెండ్ రాజ్ కుమార్ గారు అన్నప్పుడు హెలెన్‌కి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే చిరాకొచ్చింది. జనం ఎప్పుడో అటకెక్కించిన వస్తువు అది. ఈ రోజుల్లో దాన్ని కొనడమంటే ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంటే విసనకర్రకి బేరమాడటమే.

"ఫోన్లో ఉంది కదా డాడీ మ్యాపు."

"ఫోన్లో మ్యాపొక్కటే ఉంటే బాగుండేదమ్మా. అందులో మనుషులు కూడా ఉన్నారు."

ఆ మాట నిజమే. ఆయన బాపట్లలో ఎనిమిదేళ్ళు పాస్టరుగా చేసి, జూలైలో బదిలీ మీద రేపల్లె వచ్చారు. ఆయన వచ్చారు గానీ బాపట్ల సంఘం ఆయన్ని వదల్లేదు. పిల్లాడికి జ్వరమొస్తే ఫోను. కోడలికి నొప్పులొస్తే ఫోను. గేదె మేత మానేస్తే ఫోను. "అయ్యగారూ, ఒక్క మాట ప్రార్థన చెయ్యండయ్యా" అంటారు. ఆయన కారు నడుపుతున్నా సరే, పక్కకి ఆపి, కళ్ళు మూసుకుని, ఫోన్లోనే ప్రార్థన చేస్తారు. కళ్ళు తెరిచేసరికి మ్యాపు ఉండదు. దాన్ని మళ్ళీ పైకి తేవడం ఆయనకి చేతకాదు, చేతకాదని ఒప్పుకోవడం అంతకన్నా చేతకాదు.

సెప్టెంబరులో జరిగిందదే. రేపల్లెకి అరగంట దూరంలో తుంగగుంటపాలెం అని, ఆయన అప్పటికింకా చూడని ఊరు. అక్కడి చర్చి పెద్ద ఏసుపాదం గారు చనిపోతే సాయంత్రం నాలుగింటికి సమాధి అనుకున్నారు. వెళ్ళేదారిలో బాపట్ల నుంచి ఫోను. ఆయన కారాపి ప్రార్థన చేశారు, కళ్ళు తెరిచారు, తెర మీద ఏదో నొక్కారు, ఎటో వెళ్ళారు. వెళ్ళి వెళ్ళి ఒక రొయ్యల చెరువు గట్టు మీద తేలారు. అక్కడ కాపలా కుక్క తప్ప పలకరించే దిక్కు లేదు. పైన వాన. శవాన్ని ఎంతసేపని ఉంచుతారు? సంఘ కార్యదర్శి జాన్ బాబు నాలుగు వచనాలు చదివి, మట్టి వేయించేశాడు. సంఘం కుర్రాడొకడు బండి మీద ఎదురొచ్చి, ఈయన్ని కాలవ కట్ట మీంచి వెంటబెట్టుకెళ్ళేసరికి పారలు కడుగుతున్నారు.

ఏసుపాదం భార్య మంగాయమ్మ నిష్ఠూరంగా ఒక్క మాట కూడా అనలేదు. "వానలో వచ్చారు, రెండు మెతుకులు తిని వెళ్ళండి అయ్యగారూ" అంది. అదే ఆయన్ని తినేస్తోంది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నవంబరు మూడో ఆదివారం, పదకొండింటికి, ఏసుపాదం జ్ఞాపకార్థ కూటం.

"పదకొండుకి ఐదు నిమిషాల ముందు నేనక్కడ ఉండాలి" అన్నారాయన. "ఫోన్ రాని మ్యాపు కావాలి. దొరుకుద్దా?"

హెలెన్ ఇంజనీరింగు చదివింది. ఒక హైదరాబాదు కంపెనీకి ఇంట్లోంచే టెస్టింగు చేస్తోంది, అంటే ఎదుటివాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి జీతం తీసుకుంటోంది. జీతం ఇవ్వకపోయినా అదే పని చేస్తుందని వాళ్ళమ్మ ఫ్లోరెన్స్ నమ్మకం.

ఆ రాత్రి కూర్చుని నెట్టంతా వెతికింది. ఒకప్పుడు పేరున్న కంపెనీల డబ్బాలు ఇప్పుడు దొరకవు. మిగిలినవన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఏడంగుళాల తెర, పెట్టె మీద మంచుకొండల మధ్య పోతున్న లారీ బొమ్మ. కొన్నవాళ్ళ అభిప్రాయాలు చదివితే కళ్ళు తిరిగాయి. ఒకడు ఐదు నక్షత్రాలిచ్చి "ఇంకా పెట్టె తెరవలేదు, కొరియర్ అబ్బాయి మంచివాడు" అని రాశాడు. ఇంకొకడు ఒక నక్షత్రమిచ్చి "మా ఆవిడకి నచ్చలేదు" అన్నాడు. దారి తప్పిందా లేదా అన్నది మాత్రం ఒక్కడూ రాయలేదు. చేత్తో పట్టుకుని చూడకుండా కొనేది లేదనుకుని, శనివారం డాడీని తీసుకుని తెనాలి బయల్దేరింది.

కార్ల సామాన్ల కొట్టు యజమాని కృష్ణచైతన్య. ముప్పై ఏళ్ళుంటాయి. ఒంటినిండా సెంటు. కొట్లో వేలాడుతున్న కార్ల సెంట్లన్నీ కలిపి ఒంటికి పూసుకున్నాడేమో అనిపించింది హెలెన్‌కి.

"జీపీఎస్సా మేడమ్? అది పాతదైపోయింది కదండీ. ఆండ్రాయిడ్ స్టీరియో వేయించుకోండి సార్‌కి. పాటలు, సినిమాలు, వెనక కెమేరా, అన్నీ ఉంటాయి. ఫోను కూడా దాంట్లోంచే మాట్లాడుకోవచ్చు."

"ఫోను రాకూడదనేగా వచ్చింది" అంది హెలెన్.

"అయ్యో, రాకుండా కూడా చెయ్యొచ్చండి."

సీటు కవర్లు చూపించాడు. కాళ్ళ దగ్గర నీలం వెలుతురొచ్చే లైట్లు చూపించాడు. తల ఊపే కుక్కబొమ్మ చూపించాడు. పావుగంట తర్వాత, ఇక ఈ పిల్ల కదలదని అర్థమయ్యాక, అటక మీంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దింపాడు. అదే లారీ. అవే మంచుకొండలు.

"ఆల్ ఇండియా మ్యాపు మేడమ్. నెట్టక్కర్లేదు, సిమ్మక్కర్లేదు. డైరెక్టు శాటిలైటు."

"ఏ సంవత్సరం మ్యాపు?"

"లేటెస్టండి."

"లేటెస్టు అంటే ఏ సంవత్సరం?"

"లేటెస్టంటే... లాస్టుదండి."

హెలెన్ డబ్బా ఆన్ చేసింది. తెర మీద గుండ్రంగా ఏదో తిరుగుతూ ఉండిపోయింది. శాటిలైటు దొరకడం లేదు. "ఏసీ కదండీ, చలికి కొంచెం మెల్లగా అందుకుంటది" అన్నాడు కృష్ణచైతన్య. పైన ఇనుప రేకు ఉంటే ఆకాశం ఎట్లా కనపడుతుందని అడుగుదామనుకుని, ఈ మనిషికి చెప్పడం కన్నా బయటికి నడవడం తేలికనుకుని, డబ్బా పట్టుకుని రోడ్డు మీదికొచ్చి నిలబడింది. అటు ఆటోలు, ఇటు బండ్లు, మధ్యలో ఆకాశానికి నైవేద్యం పెడుతున్నట్టు రెండు చేతుల్లో డబ్బా. నాలుగు నిమిషాలకి తెనాలి దొరికింది. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే మ్యాపు ఆరేళ్ళ కిందటిది. అప్పుడు పుట్టిన పిల్లలు ఈపాటికి ఒకటో తరగతిలో ఉంటారు. రేపల్లె స్పెల్లింగు కూడా తప్పే.

వద్దు, పోదాం అని చెప్పబోతుండగా కృష్ణచైతన్య ఆఖరి అస్త్రం తీశాడు. "తెలుగు వాయిస్ కూడా ఉందండీ సార్" అని ఏదో నొక్కాడు.

డబ్బాలోంచి ఒక ఆడగొంతు, గొంతులో ఉప్పూ కారం లేకుండా పలికింది. "మూడు వందల మీటర్ల తరువాత కుడి వైపునకు తిరుగుము. పిమ్మట తిన్నగా సాగిపొమ్ము."

అప్పటిదాకా స్టూలు మీద కునుకు తీస్తున్న రాజ్ కుమార్ గారు తలెత్తారు.

"ఏంటమ్మా, మళ్ళీ పెట్టు."

"ఎడమ వైపునకు మరలుము. గమ్యస్థానము సమీపించుచున్నది."

"చూశావా" అన్నారాయన, మొహం విప్పారిపోతూ. "అచ్చం మన బైబిలు భాష. ఇదే తీసుకుందాం."

"డాడీ, దీని మ్యాపు పాతది."

"మన చర్చిలు అంతకన్నా పాతవమ్మా. తొంభై ఏళ్ళ కిందటివి. ఎక్కడికీ కదల్లేదు."

ఈ తర్కం ముందు ఏ టెస్టరైనా చేతులెత్తేయాల్సిందే. హెలెన్ ఎత్తేసింది. మ్యాపు సంగతి తనే చూసుకోవచ్చు, మెమరీ కార్డు తీసి ఉచితంగా దొరికే కొత్తది ఎక్కించొచ్చు. కనీసం బిగించే పనైనా సవ్యంగా జరిగితే చాలనుకుంది.

జరగలేదు. కృష్ణచైతన్య డబ్బా స్టాండుకున్న రబ్బరు కప్పు పట్టుకుని, నాలిక బయటపెట్టి, దాన్ని అంచుల వెంట శుభ్రంగా నాకాడు. నాకి, కారు అద్దానికి అంటించాడు.

హెలెన్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏం చేస్తున్నారండీ మీరు?"

"తడిలేకపోతే పట్టదు మేడమ్. అందరం ఇట్టాగే పెడతాం."

"నీళ్ళున్నాయిగా ఇక్కడ!"

"నీళ్ళు జారిపోతాయండి. ఉమ్మైతే పట్టేస్తది."

ఆమె బ్యాగులోంచి శానిటైజరు తీసి, కప్పు ఊడబీకి, తుడిచి, మళ్ళీ తుడిచింది. అతని చేతికిచ్చిందో లేదో, నాలిక మళ్ళీ బయటికొచ్చింది. "ఇలా ఇవ్వండి" అని లాక్కుంది. ఇక అక్కడ్నుంచి పనంతా తనదే. డాడీ అద్దం మధ్యలో పెట్టమంటారు, అక్కడ సిలువ వేలాడుతోంది. ఎడమ మూల పెడదామంటే బైబిలు వాక్యం స్టిక్కరు ఉంది, దాన్ని కప్పకూడదంటారు. కుడి మూల కింద, స్టీరింగుకి అడ్డం రాకుండా, జానెడు చోటు దొరికింది. గుడ్డతో అద్దం తుడిచి, కప్పు అదిమి, మీట నొక్కింది. ఉమ్ము లేకుండానే పట్టింది.

తీగ పెట్టాల్సింది సిగరెట్టు వెలిగించుకునే రంధ్రంలో. పాస్టరు కారులో ఆ రంధ్రం ఎందుకుందన్నది డాడీకి ఎప్పుడూ ఉన్న బాధే. సెకండ్ హ్యాండు కారు. మూత తీసి లోపలికి చూసిన హెలెన్‌కి పాత యజమాని అలవాట్లన్నీ అర్థమయ్యాయి. అడుగున ఎర్రగా, జిగటగా, వక్కపొడి ముక్కలతో సహా ఏదో గడ్డకట్టి ఉంది. దేవుడి సేవకుడు ఇన్నేళ్ళుగా ఎవడో కిళ్ళీ ఉమ్మిన గుంట పక్కనే చెయ్యి పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇయర్ బడ్లు పద్నాలుగు ఖర్చయ్యాయి. తర్వాత తీగని అద్దం అంచునున్న రబ్బరు కిందికి పాత ఏటీఎం కార్డుతో మెల్లగా నొక్కుకుంటూ పోయింది. కృష్ణచైతన్య పక్కనే నిలబడి, "మేడమ్ మన ఫీల్డేనా? వర్క్ నీట్‌గా ఉంది" అన్నాడు. ఆమె కార్డుని ఇంకాస్త గట్టిగా నొక్కింది. నోరు తెరిస్తే ఏమొస్తుందో తనకే తెలియదు.

ఇంటికొచ్చాక కొత్త మ్యాపు ఎక్కించింది. డాడీ కింద ఉన్న ఆరు చర్చిల స్థలాలు అందులో గుర్తుపెట్టాలి. అందరి కార్యదర్శులకీ వాట్సాపులో మెసేజి పెట్టింది: దయచేసి మీ చర్చి లొకేషన్ పంపండి. మర్నాటికల్లా ఆరూ వచ్చాయి. తుంగగుంటపాలెంది పంపుతూ జాన్ బాబు, "వందనాలు చెల్లెమ్మా, కరెక్టు పాయింటు, ఏ కొరియరూ తప్పిపోలేదు" అని కూడా రాశాడు. హెలెన్ మురిసిపోయింది. ఊరి నడిబొడ్డున, చుట్టూ ఇళ్ళు, పక్కనే తారు రోడ్డు. అక్షాంశాల, రేఖాంశాల అంకెలు చూసి చూసి ఒక్కొక్కటే డబ్బాలోకి ఎక్కించింది. తప్పు పోయిందేమోనని రెండోసారి కూడా సరిచూసింది. జీతం తీసుకునేది దీనికే కదా.

ఆ తర్వాతి వారం, మూడో ఆదివారం, రేపల్లె చర్చిలో ఆరాధన తొమ్మిదిన్నరకి ముగిసింది. ఫ్లోరెన్స్ సండే స్కూలు పిల్లల దగ్గర ఉండిపోయింది. తండ్రీ కూతుళ్ళు పదికి పది నిమిషాలుండగా బయల్దేరారు. వెనక సీట్లో ఇస్త్రీ చేసిన, కాళ్ళదాకా వచ్చే తెల్ల అంగీ, రొట్టె ద్రాక్షరసం పంచే సంస్కారపు పాత్రలున్న చిన్న చెక్కపెట్టె.

డబ్బా బాగానే పనిచేసింది. "తిన్నగా సాగిపొమ్ము" అన్నప్పుడల్లా డాడీ "ఆమెన్" అన్నారు. ఫోను రెండుసార్లు మోగింది, రెండుసార్లూ ఆయన ఆపి ప్రార్థన చేశారు, కళ్ళు తెరిచారు, దారి అక్కడే ఉంది. రోడ్డుకి రెండువైపులా కోతకొచ్చిన వరి. మొన్నటి తుఫానుకి చాలాచోట్ల నేలకొరిగింది. ఒక అడ్డరోడ్డు దగ్గర డబ్బా కాసేపు తటపటాయిస్తే, హెలెన్ అక్కడ నిలబడ్డ ఆటో అతన్ని చూపించి "అడుగుదాం డాడీ" అంది.

"ఎందుకూ, ఇది చెప్పుద్దిగా."

"అసలు ఆ రోజు కూడా ఎవర్నన్నా అడిగుంటే సరిపోయేదిగా. మగాళ్ళందరూ ఇంతే. ప్రాణం పోయినా దారి అడగరు."

ఆయన నవ్వలేదు. గేరు మార్చారు.

పదిన్నరకి ఊళ్ళోకొచ్చారు. పదీ ముప్పై మూడుకి డబ్బా, "గమ్యస్థానము చేరితిరి" అంది.

చేరింది చర్చి కాదు. ఎదురుగా వైన్ షాపు. దాని పక్కన పంచాయతీ ఆఫీసు, తాళం వేసి ఉంది. ఇటు పక్క ఎరువుల కొట్టు, టీ బంకు, దాని ముందు సిమెంటు బల్ల మీద నలుగురైదుగురు మగాళ్ళు. వైన్ షాపు గోడ మొదట్లో రాత్రి తాగినవాడెవడో కక్కిన చోట కోడి ఒకటి ఏరుకుని తింటోంది. హెలెన్ తల తిప్పుకుంది.

జాన్ బాబుకి ఫోన్ చేసింది.

"అన్నా, మేం మీరు పంపిన చోటే ఉన్నాం. ఇక్కడ చర్చి ఏదీ?"

"వచ్చేశారా చెల్లెమ్మా! వైన్ షాపు కాడేనా? అక్కడే ఉండండి, పాట మొదలెట్టేశాం, అవంగానే ఎవరో ఒకళ్ళని పంపిస్తా."

"చర్చి లొకేషను అడిగితే వైన్ షాపుది పంపారేంటన్నా?"

"ఎప్పుడూ అదేగా పంపేది" అన్నాడతను, తనని ఎందుకు అడుగుతోందో అర్థంకానట్టు. "పల్లెలో లొకేషను పెడితే ఎవుడొస్తాడమ్మా? ఆన్‌లైన్‌లో ఏది కొన్నా బండోడు బజారు దాటి రాడు. అందుకని వైన్ షాపు కాడికొచ్చి, నిలబడి, లొకేషను కొడతాం. ఆడు అక్కడికొచ్చి ఫోన్ చేస్తాడు. మేమెళ్ళి తెచ్చుకుంటాం."

"మా డాడీని కూడా అట్లాగే తెచ్చుకుంటారా, పార్సిల్లాగా?"

అవతల జాన్ బాబు గట్టిగా నవ్వాడు. హెలెన్‌కి నవ్వు రాలేదు. రెండోసారి సరిచూసింది తను. చుట్టూ ఇళ్ళూ తారు రోడ్డూ ఉంటే అదే సరైన చోటనుకుంది. నూరు పేజీల టెస్టు రిపోర్టులు రాసే బుర్రకి, చర్చి ఉన్నది ఊళ్ళో కాదు, ఊరి చివర, దళితులుండే పల్లెలో అన్న ముక్క తట్టలేదు. తన మీద తనకే ఒకరకమైన వెగటు పుట్టింది.

ఈలోపు సిమెంటు బల్ల మీంచి ఒక పెద్దాయన లేచొచ్చాడు. తెల్ల లుంగీ, భుజాన తువ్వాలు. వెనక ఎవరో "ఎవరంట పున్నారావ్?" అని అరిచారు. పున్నారావు వంగి, కారు లోపలికి చూశాడు. సిలువని చూశాడు, స్టిక్కరు చదివాడు, డాడీ మెడ దగ్గరి తెల్ల కాలరు చూశాడు. అంతా చూసుకున్నాక అడిగాడు.

"ఎవరికోసం?"

"లూథరన్ చర్చికండి" అన్నారు రాజ్ కుమార్ గారు. "పదకొండింటికి కూటం ఉందండి."

హెలెన్ తండ్రి వంక చూసింది. ఆ గొంతు ఆమె ఎరగదు. పల్పిట్ మీంచి ప్రసంగిస్తే మైకు లేకుండా ఆఖరి బెంచీ దాకా వినపడే మనిషి. ఇప్పుడా గొంతు సీటు దాటి రావడం లేదు.

"ఓ, పల్లెలోకా" అన్నాడు పున్నారావు. అప్పటిదాకా కాస్త వంగి ఉన్న నడుం నిటారైంది. "మరి ఇటొచ్చావేంటయ్యా నువ్వు? మీ దారి ఇది కాదుగా. ఎనక్కిపోయి, కాలవ వంతెన దిగి, కట్ట మీంచి పో."

"కట్ట తెగిందన్నారండి తుఫానుకి."

"కొంచెం తెగింది. నిదానంగా పోతే పోద్ది. నీకు ముందున్నాయన అట్టాగే పోయేవోడు."

"ఎంతసేపు పడుద్దండి?" అని హెలెన్ అందుకుంది.

"ముక్కాలు గంట అనుకో పాపా. ఏం తొందర? మీవోళ్ళు యాడికి పోతారు, కూచునుంటారు."

అతనిలో కోపం లేదు. వెటకారం కూడా లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పి, తువ్వాలు దులుపుకుని, బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మామూలుతనమే హెలెన్‌కి ఒంటికి అంటుకుపోయింది. కృష్ణచైతన్య ఉమ్మునైతే శానిటైజరుతో తుడిచింది. దీన్ని దేంతో తుడవాలి?

"నలభై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నానమ్మా దారి" అన్నారు డాడీ, ఎదురుగా అద్దంలోకి చూస్తూ. "చెప్తారు, చెప్పరని కాదు. ముందు నేనెవరో తేల్చుకుని, అప్పుడు చెప్తారు."

దారిలో తను అన్న మాట గుర్తొచ్చి హెలెన్ చెవులు వేడెక్కాయి. క్షమాపణ అడగడానికి ఇది సమయం కాదు. డబ్బా మీద రెండు వేళ్ళు పెట్టి మ్యాపుని పెద్దది చేసింది. తాము నిలబడ్డ చోటు నుంచి సన్నటి తెల్ల గీత ఒకటి బజారు వెంట తిన్నగా పోతోంది. ఊరు దాటి, ఇంకో ఇళ్ళ గుంపులో కలుస్తోంది. ఆ గుంపుకి పేరు లేదు. గుంపు చివర వేలు పెట్టి నొక్కింది.

"మూడు వందల ఇరవై మీటర్లు. తిన్నగా సాగిపొమ్ము" అంది డబ్బా.

"డాడీ, మూడు వందల ఇరవై మీటర్లట."

"ఆయన కట్ట మీంచి పొమ్మన్నాడుగా."

"దీనికా సంగతి తెలీదు. దీనికి రోడ్డంటే రోడ్డే."

ఫోను మోగింది. మంగాయమ్మ. హెలెన్ స్పీకరులో పెట్టింది. వెనక పాట వినపడుతోంది.

"అయ్యగారూ, వందనాలు. బయల్దేరారా? ఏం లేదయ్యా, ఆలీసమైతే ఐందిలే, నిదానంగా రండి. ఆ రోజు మల్లే కాకుండా ఉంటే చాలు. మా ఆయన మీ చేతి ప్రార్థన లేకుండానే పోయాడు గదా. కనీసం ఇయ్యాలన్నా..."

రాజ్ కుమార్ గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో మరేదో హెలెన్‌కి తెలీదు. కళ్ళు తెరిచి, "వచ్చేశానమ్మా" అన్నారు. మొదటి గేరు వేసి, కారుని తిన్నగా బజార్లోకి పోనిచ్చారు.

బల్ల మీదున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. "ఓయ్, ఓయ్, అటు కాదయ్యో" అని పున్నారావు కేక వినపడింది. డాడీ కారు అద్దం పైకెత్తేశారు.

మంచి సిమెంటు రోడ్డు. ముగ్గులు తొక్కకుండా ఆయన జాగ్రత్తగా నడుపుతున్నారు. అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తున్న ఆవిడ చేతిలో కాయ పట్టుకుని అలాగే ఉండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలో పేపరు చదువుతున్నాయన పేపరు దించి, కారు వెళ్ళేదాకా దించే ఉంచాడు. రెండు వందలు, నూట యాభై, తొంభై అని డబ్బా లెక్క తగ్గిస్తూ పోయింది. ముందు చర్చి కప్పు మీది సిలువ కనపడింది. పాట కూడా వినపడుతోంది.

డాడీ బ్రేకు వేశారు.

ఊరి ఆఖరి ఇల్లు దాటాక, రోడ్డుకి అడ్డంగా రెండు సిమెంటు స్తంభాలు పాతి ఉన్నాయి. వాటి మధ్య ఒక బల్ల కట్టారు, నునుపుగా, ఎర్రరంగు వేసి. బల్లకీ స్తంభానికీ మధ్య సందులోంచి మోటారు సైకిలు పడుతుంది. కారు పట్టదు. బల్ల వీపు మీద నల్లరాయి, దాని మీద బంగారు అక్షరాలు. ఎవరో పెద్దాయన జ్ఞాపకార్థం వారి కుమారులు కట్టించినదట. కూర్చున్నవాళ్ళకి ఊరు కనపడేటట్టు కట్టారు. పల్లెకి దాని వీపు.

అవతలి నుంచి సిమెంటు రోడ్డు కూడా లేదు. బురదలో చెప్పుల గుర్తులు. ఊళ్ళోని మురుగంతా ఆ బల్ల పక్కనే కాలువ తెగి అటు పారుతోంది. నల్లటి నీళ్ళ మీద పాల ప్యాకెట్లు, ఎవరింట్లోదో పెళ్ళి భోజనాల ఎంగిలాకులు. వాసన అద్దం మూసి ఉన్నా లోపలికొచ్చింది. హెలెన్ చున్నీ ముక్కుకి పెట్టుకోబోయి, చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డ మనుషుల్ని చూసి, చెయ్యి దించేసింది. వాళ్ళెవరూ ముక్కు మూసుకుని లేరు.

పదీ నలభై ఐదు. వెనక్కి తిప్పి కట్ట మీదికి వెళితే పదకొండున్నర దాటుతుంది.

"వెనుకకు మరలుము" అంది డబ్బా.

"నోర్ముయ్" అని హెలెన్ దాని తీగ పీకేసింది.

రాజ్ కుమార్ గారు ఇంజను ఆపారు. తాళంచెవి తీశారు. కిందికి దిగి, వెనక తలుపు తెరిచి, అంగీ తీసుకున్నారు. ఎప్పుడూ చర్చి గదిలో తలుపేసుకుని తొడుక్కునే అంగీని ఆ రోజు బజారు మధ్యలో నిలబడి తొడుక్కున్నారు. మెడ దగ్గరి గుండీ పెట్టుకుంటూ ఉండగా పున్నారావు రొప్పుకుంటూ వచ్చాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు.

"ఏంటయ్యా నీ గొడవ? చెప్తే ఇనపడదా? ఇటు దారి లేదన్నానా?"

"కారుకి లేదండి" అన్నారు రాజ్ కుమార్ గారు. "మనిషికి ఉంది."

"మరి రోడ్డు మధ్యలో పెట్టి పోతావా? కోత మిషను రావాలి ఇప్పుడు. తియ్యి, తియ్యి."

"పదకొండింటికి కూటమండి. పోయిన మనిషికి ఇప్పటికే ఒకసారి ఆలస్యం చేశాను. అవంగానే వచ్చి తీస్తానండి."

"ఎప్పటికవుద్ది?"

"సంస్కారం కూడా ఉంది కదండీ. ఒంటిగంటవుద్ది."

"ఒంటిగంటా!"

"ఒంటిగంటన్నరండి, భోజనం కూడా పెడతారు గదా" అంది హెలెన్.

తాళంచెవి అంగీ జేబులో పడ్డ చప్పుడు ఆమెకి స్పష్టంగా వినపడింది. ఆయన గొంతులో 'అండి'లు ఒక్కటి కూడా తగ్గలేదు. అయినా ఈసారి ఆ గొంతు ఇద్దరు ముగ్గురి ఇళ్ళ దాకా వెళ్ళింది. చిక్కుళ్ళావిడ అరుగు దిగి మరీ చూస్తోంది.

ఆయన ముందు నడిచారు. సందు ఇరుకు. అంగీ అంచు రెండు చేతులా పైకెత్తి, పక్కకి తిరిగి దాటారు. హెలెన్ చెక్కపెట్టెని గుండెకి అదుముకుని దాటుతుంటే మోచెయ్యి నల్లరాతికి గీసుకుంది. కాలు బురదలో మడమ దాకా దిగింది. నల్లగా, చల్లగా, వేళ్ళ మధ్యకి పాకింది. చెప్పు బురదలోనే ఉండిపోయింది. వంగితే పెట్టె ఒరుగుతుంది. చెప్పుని అక్కడే వదిలేసి నడిచింది.

వెనక కోత మిషను వచ్చినట్టుంది, హారను మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. పున్నారావు ఎవరితోనో గట్టిగా ఏదో అంటున్నాడు. రాజ్ కుమార్ గారు వెనక్కి తిరగలేదు.

తెల్లచీర కట్టుకున్న మంగాయమ్మ గుమ్మం దిగి ఎదురొచ్చింది. ఆయన అంగీకి అంటిన బురదని చూసింది, అవతల బజార్లో ఆగి ఉన్న కారుని చూసింది, హారను విన్నది. ఆ దారినుంచి ఒక పాస్టరు రావడం తను ఎప్పుడూ చూడలేదు. తర్వాత గుమ్మంలోంచి, లోపల గోడకున్న గడియారం కేసి చూసింది.

"ఇంకా పది నిమిషాలుందయ్యగారూ" అంది. "కాళ్ళు కడుక్కుందురు గానీ రండి."